మా జేజినాయన ఎయిర్‌బ్రష్ వయసు కనుక్కోవడానికి నేను పడిన తిప్పలు

చింతపండు పెట్టి తోమినా నేను. అదే మొదటి తప్పు. ట్రంకు పెట్టెలో దొరికిన వస్తువు నల్లగా, జిడ్డుగా ఉంది, చెయ్యి ఊరుకోదు కదా, ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు, ఉప్పు వేసి రుద్దినా, అది చాలక అంగట్లో మెటల్ పాలిష్ డబ్బా తెచ్చి మళ్ళీ రుద్ది తళతళా మెరిపించి ఫోటో తీసి మా వాళ్ళ గ్రూపులో పెట్టినా. అందరూ సూపర్ సూపర్ అన్నారు. నాలుగు రోజుల తర్వాత ఇట్లాంటివి సేకరించే బెంగళూరు సార్ ఒకాయనకు అదే ఫోటో పంపితే ఆయన ఒకటే ముక్క అడిగినాడు. "దీన్ని ఎవరు తోమినారండీ?"

ముందు ఆ వస్తువు ఏందో చెప్పాలి. మాది కర్నూలు, పాత బస్తీ. కొండారెడ్డి బురుజుకు దగ్గర్లోనే మా జేజినాయన ఫోటో స్టూడియో ఉండేది. ఇప్పుడు లేదు, ఆ గది బాడుగకిచ్చినారు, సెల్ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఎయిర్‌బ్రష్ అంటే లావుపాటి పెన్ను మాదిరి ఉంటుంది, కింద గాలి ట్యూబు తగిలిస్తారు, చిన్న కప్పులో రంగు చుక్కలు పోస్తారు, వేలు కింద ఒక మీట ఉంటుంది. నొక్కితే గాలి వస్తుంది, నొక్కి వెనక్కి లాగితే లోపల సూది జరిగి రంగు వస్తుంది. ఎంత లాగితే అంత. దీన్నే డబుల్ యాక్షన్ అంటారు. స్టూడియోలో దీనితో చేసే పనిని టచింగ్ అనేవాళ్ళు.

ఆ టచింగ్ ఏందనుకున్నారు, ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. ఆ కాలంలో శానా మంది బతికుండగా ఫోటోనే దిగేవాళ్ళు కాదు. మనిషి పోయినాక కుర్చీలో కూర్చోబెట్టి, పూలదండ వేసి, అప్పుడు స్టూడియో వాళ్ళను పిలిపిచ్చేది. పదకొండో దినానికి గోడకు ఫోటో కావాలి, అందులో మనిషి కళ్ళు తెరిచి ఉండాలి. మా జేజినాయన ఆ శవం ఫోటోను పెద్దది చేసి, కళ్ళు తెరిపిచ్చి, వెనక పట్టుకున్నోళ్ళ చేతులు మాయం చేసి, దండ తీసేసి, ఆ తావున చొక్కా గుండీలు పెట్టేవాడంట. మాయం చేసే పనికంతా ఈ బ్రష్షే, ఎందుకంటే కుంచెతో చేస్తే గీత తెలుస్తుంది, దీనితో చేస్తే పొగ పట్టినట్టు కలిసిపోతుంది. గాలికి కంప్రెసర్ యాడిది, లారీ ట్యూబులో గాలి కొట్టిచ్చి దాని మూతికి రబ్బరు ట్యూబు కట్టుకునేవాడు. ట్యూబు మెత్తబడేలోపు మొహం అయిపోవాల. అయిపోకుంటే మా నాయన్ను, అప్పుడు చిన్న పిల్లోడు, ఆ ట్యూబు మీద కూర్చోబెట్టేవాడంట. ఈ ముక్క మా నాయన నోటితోనే విన్నా.

2009 అక్టోబర్లో తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడినప్పుడు మా ఇంట్లో కింద మొత్తం మునిగింది. మేం మిద్దె మీద ఉన్నాం. నీళ్ళు దిగినాక ట్రంకు పెట్టెను అట్లనే బురదతోనే కడిగీ కడగక అటక ఎక్కిచ్చినారు, దాన్ని మళ్ళీ దించింది మొన్న సంక్రాంతికి. అందులో ఒక చిన్న చెక్క పెట్టె, దాని లోపల బట్ట అతికిచ్చిన గుంటలో ఈ బ్రష్షు, ఒక సూది, బురద పట్టి అట్ట మాదిరి గట్టిపడిన కాగితాల మడత ఒకటి. కాగితాలు చెత్త అనుకొని పక్కన పడేసినా. పారేయలేదు, అదొక్కటే నేను చేసిన మంచి పని, అదీ బద్ధకం వల్ల.

బ్రష్షు ఒంటి మీద ఇంగ్లీషు అక్షరాలు చెక్కినారు, థేయర్ అండ్ చాండ్లర్, చికాగో అని. మా చిన్నాయన అది చూసి ఫోన్లో ఏందో వెతికి గంటలో తేల్చేసినాడు. "ఒరే, ఇది 1893ది రా. వివేకానందుడు చికాగోలో మాట్లాడినప్పటిది. కోట్లు పలుకుతుంది."

చిన్నాయన మాట పూర్తిగా గాలి మాట కూడా కాదు, అదే చిక్కు. చార్లెస్ బర్డిక్ అనే ఆయన రంగు, గాలి లోపలే కలిసే ఎయిర్‌బ్రష్‌ను తయారు చేస్తే, థేయర్ అండ్ చాండ్లర్ వాళ్ళు దాన్ని 1893లో చికాగో మహా ప్రదర్శనలో పెట్టినారు. వివేకానందుడు మాట్లాడిన సర్వమత మహాసభ కూడా ఆ ప్రదర్శనతో పాటు జరిగిందే. అంతకు ముందు కూడా ఎయిర్‌బ్రష్షులు ఉన్నాయి, 1870ల చివర్లో అయోవాలో ఆబ్నర్ పీలర్ అనే ఆయన చేసినాడు, ఆయన దగ్గర లిబర్టీ వాకప్ అనే ఆయన హక్కులు కొని రాక్‌ఫర్డ్‌లో కంపెనీ పెట్టినాడు. కాకపోతే ఆ పాతవి చూడ్డానికే వేరే, మనం పెన్ను మాదిరి పట్టుకునే ఈ రూపం బర్డిక్ దారిలో వచ్చింది. బర్డిక్ తర్వాత ఇంగ్లండ్ పోయి ఏరోగ్రాఫ్ అని కంపెనీ పెట్టినాడు. ఇక చికాగోలో చూస్తే నార్వే నుంచి వచ్చిన యెన్స్ పాషే 1904లో సొంత కంపెనీ, ఓలాస్ వోల్డ్ అనే ఇంకో నార్వే ఆయనది ఇంకో కంపెనీ, అంతా ఒక ఊరిలోనే. అంటే చికాగో అని రాసి ఉంటే అది ఏ కాలందో తెల్వదు, ఆ ఊళ్ళో ఎప్పుడూ ఇవే చేసినారు. ఒక కంపెనీ డెబ్బై ఎనభై ఏండ్లు వస్తువులు చేస్తే, పుట్టిన ఏడు పట్టుకొని ప్రతి వస్తువుకూ అదే వయసు అంటే ఎట్ల? నెట్‌లో అమ్మకానికి పెట్టేవాళ్ళు శానా మంది చేసే పని మాత్రం అదే.

ఇక్కడి పాత సామాన్ల వ్యాపారి ఒకాయనకు చూపిస్తే చేతిలో ఎగరేసి బరువు చూసి, ఇత్తడి కిందికి ఐదు నూర్లు ఇస్తా అన్నాడు. చిన్నాయన కోట్లు, ఈయన ఐదు నూర్లు. అప్పుడు ఎట్లనో దొరికినాడు బెంగళూరు సార్. ఫోన్లో తెలుగు బానే మాట్లాడతాడు, హిందూపురం దగ్గర మనిషంట.

ఆయన తోమినందుకు తిట్టలేదు గానీ ఎందుకు తోమకూడదో అరగంట చెప్పినాడు. చెక్కిన అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా అరిగినాయా, పూత ఏది, వాడుకతో యాడ పోయింది, ఇవే వయసు చెప్పేవి. తోమితే మొట్టమొదట పోయేది అదే. సేకరించేవాళ్ళకు నల్లబడింది సమస్య కాదు, మెరిసేదే అనుమానం. నా అదృష్టానికి నేను రుద్దింది ఒక పక్కే, కప్పు ఉన్న వైపు రుద్దడానికి వేలు పట్టలేదు.

పగటి వెలుతురులో, బల్బు కింద కాదు, ఒక పక్క స్టీలు గ్లాసు, ఇంకో పక్క ఏదన్నా పాత నికెల్ వస్తువు పెట్టి చూడమన్నాడు. మా జేజి పౌడర్ డబ్బా ఒకటి నికెల్ పూతది ఉంది, పెట్టి చూసినా. నికెల్ కొంచెం పసుపు తిరిగి వెచ్చగా కనపడుతుంది, క్రోమ్ నీలం తిరిగి చల్లగా కనపడుతుంది. ఒట్టిగా చూస్తే తెలీదు, పక్క పక్కన పెడితే చిన్నపిల్లోడైనా చెప్తాడు. మాది క్రోమ్. వేలు ఆనే చోట మాత్రం క్రోమ్ పోయి దాని కింద నికెల్, ఇంకా అరిగిన చోట ఇత్తడి, మూడు పొరలూ కనిపిస్తున్నాయి, ఉల్లిగడ్డ కోసినట్టు. క్రోమ్ పూత ఫ్యాక్టరీల్లోకి వచ్చింది 1920ల మధ్య నుంచి. వివేకానందుడు అక్కడికి అయిపోయినాడు. చిన్నాయన ఒప్పుకోలా, "తర్వాత ఎవరన్నా పూత ఏపిచ్చింటారు" అన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ సార్‌ను అడిగితే అది మంచి ప్రశ్నే అన్నాడు! మళ్ళీ పూత వేసినదైతే చెక్కిన అక్షరాల లోపల పూత నిండి అంచులు మొద్దుబారతాయంట. అప్పుడు పాత బస్టాండు దగ్గర గడియారాలు బాగు చేసే ఆయన కంటికి పెట్టుకునే లెన్స్ అడుక్కొని, తోమని వైపు అక్షరాలు చూసినా. బ్లేడుతో కోసినట్టు ఉన్నాయి. తోమిన వైపు మాత్రం సబ్బు మీద రాసినట్టు. సిగ్గేసింది.

పేటెంట్ నంబరు ఉంటే ఇంకా సులువయ్యేది. అమెరికా పేటెంట్లు 1911లో పది లక్షలు దాటినాయి, 1935లో ఇరవై లక్షలు, 1961లో ముప్పై లక్షలు, అంటే వస్తువు మీద నంబరు చూస్తే అంతకు ముందుది కాదని చెప్పేయొచ్చు. అంతకు ముందుది కాదు అని మాత్రమే. ఆ నంబరు అదే అచ్చుతో ఏండ్ల తరబడి కొడతానే ఉంటారు. మాదాని మీద నంబరే లేదు, కాబట్టి ఆ గోల లేదు.

ఇక మిగిలింది ఆ బురద కాగితాల అట్ట. సార్ పదే పదే "కాగితాలేమన్నా ఉన్నాయా, డబ్బా ఉందా" అంటుంటే గుర్తొచ్చింది. వస్తువు అబద్ధం చెప్పొచ్చు గానీ దాంతో పాటు వచ్చిన కాగితం అంత తొందరగా చెప్పదు అన్నాడు. ఎండిన బురదను లాగితే చినుగుతుంది, నీళ్ళలో ముంచితే ఇంకు పోతుంది. ఒక ప్లాస్టిక్ డబ్బాలో అడుగున తడిబట్ట, దాని మీద జల్లెడ, జల్లెడ మీద కాగితాలు పెట్టి మూత పెట్టమన్నాడు, ఆవిరి కూడా కాదు ఊరికే చెమ్మ. రెండు రోజులకు మెత్తబడినాయి. మా ఇంటామె ఇడ్లీ రేకుల పక్కన ఆ డబ్బా చూసి ఏం వండుతున్నావు అని అడిగింది.

రెండు కాగితాలు విడినాయి. ఒకటి కంపెనీ ఇచ్చే వాడకం కాగితం, సూది ఎట్ల తీయాల, ఎట్ల కడగాల బొమ్మలతో. (సూదిని వెనక వైపు నుంచి లాగాలంట. నేను ముందు వైపు నుంచి గుంజి కొన వంచినా. ఇంకేం చెప్పాల.) దాని అడుగున చిరునామా, వాన్ బ్యూరెన్ స్ట్రీట్, చికాగో 7, ఇల్లినాయి. నేను దాన్ని చూసి ఏమీ లేదు సార్, ఒట్టి అడ్రస్సే అని చెప్పినా. ఆయన ఫోన్లో ఎగిరినంత పని చేసినాడు. ఆ 7 అనే అంకే ముఖ్యమంట! అమెరికాలో పెద్ద ఊళ్ళకు ఇట్ల పేరు పక్కన అంకె పెట్టడం 1943లో మొదలైంది, 1963లో ఐదంకెల జిప్ కోడ్ వచ్చినాక అది పోయింది. చికాగో 7 కాస్తా 60607 అయిపోయింది. మనకు మద్రాసు-2 అని రాసేవాళ్ళు కదా, 1972లో పిన్‌కోడ్ వచ్చి 600002 అయినట్టు. అంటే ఈ కాగితం అచ్చయింది 1943కు, 1963కు మధ్యన. ఒక్క అంకెతో ఇరవై ఏండ్ల గదిలోకి వచ్చేసినాం.

అయితే ఈ కాగితం ఈ బ్రష్షుదేనా? తర్వాత ఎప్పుడన్నా సూది తెప్పిచ్చుకుంటే దానితో వచ్చిందేమో. ఈ అనుమానం నాకే వచ్చింది, సార్ మెచ్చుకున్నాడు, నేను రెండు రోజులు గాల్లో నడిచినా. దానికి జవాబు రెండో కాగితంలో దొరికింది.

రెండోది బిల్లు. మద్రాసు మౌంట్ రోడ్డులో ఫోటో సామాన్ల అంగడిది. టైప్ మిషన్ మీద కొట్టింది. ఎయిర్‌బ్రష్ ఒకటి, పెట్టెతో సహా, అని చదవడానికి వస్తుంది, కాబట్టి విడి సూది కాదు, మొత్తం వస్తువే కొన్నాడు. తేదీ ఉండాల్సిన మూల చినిగిపోయింది. చినిగితే అక్కడే చినగాల్నా. ధర గడిలో రూపాయల అంకెలు బురదలో పోయినాయి, పక్క గడిలో 12 అని మాత్రం మిగిలింది. గడులు మూడు ఉన్నాయి, రూపాయలు, అణాలు, పైలు (అణాలో పన్నెండో వంతు). నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చినాయి, కాబట్టి అంతకు ముందుదే అని నేను తీర్పు ఇచ్చేసినా. సార్ ఆగమన్నాడు. పాత బిల్లు పుస్తకాలు అయిపోయేదాకా అవే వాడే అంగళ్ళు ఉంటాయి, అణాలు కూడా వెంటనే పోలేదు, రెండూ కొన్నేండ్లు చెల్లినాయి. గడులు చూసి మాత్రం ఒట్టేయొద్దు అన్నాడు.

మిగిలింది కొన్నవాడి చిరునామా. మా జేజినాయన పేరు, స్టూడియో పేరు, కర్నూలు, ఆ కింద ఆంధ్ర అని ఇంగ్లీషులో ఉంది, ఆ పక్కన ఒక అక్షరం సగం కనిపిస్తుంది, ఆ తర్వాత ఇంకు లేదు, తెల్లగా కడుక్కుపోయింది.

ఆ సగం అక్షరం దగ్గర నేను వారం కూర్చున్నా. అది ఇంగ్లీషు ఎస్ అయితే ఆంధ్ర స్టేట్, అంటే ఆంధ్ర రాష్ట్రం. పీ అయితే ఆంధ్ర ప్రదేశ్. కర్నూలోళ్ళకు ఈ తేడా ఎవరూ చెప్పబళ్ళా. 1953 అక్టోబర్ 1న మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మన ఊరు రాజధాని, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. 1956 నవంబర్ 1న ఆంధ్ర ప్రదేశ్ అయింది, రాజధాని హైదరాబాదుకు పోయింది. ఎస్ అయితే మూడేండ్ల కిటికీ దొరికినట్టు, పీ అయితే ఆ తర్వాత ఎప్పుడైనా కావచ్చు.

టైప్ మిషన్ అక్షరం ఇంకు పోయినా కాగితం మీద దెబ్బ ఉంటుంది కదా అన్నది మా పిల్లోడు, పదో తరగతి. రాత్రి లైట్లన్నీ ఆర్పి, కాగితాన్ని బల్ల మీద పరిచి, సెల్ ఫోన్ టార్చిని కాగితానికి ఆనిచ్చినట్టు పక్క నుంచి వేసినాం. నిటారుగా వేస్తే ఏమీ లేదు. పక్క నుంచి వేసేసరికి గుంటల్లో నీడ పడి తెల్ల కాగితం మీద అక్షరాలు లేచినాయి. నాకు ఒళ్ళు జలదరించింది, అబద్ధం చెప్పను. పీకి కింద నిలువు కాలు ఉండాల. ఇక్కడ కింద వంపు ఉంది, ఎడమకు తిరిగిన కొక్కెం మాదిరి. దాని పక్కన టీ అడ్డగీత లీలగా. ఎస్, టీ. ఫోటో తీసి సార్‌కు పంపితే తెల్లారుజామున మూడింటికి బొటనవేలు గుర్తు వచ్చింది. ఆయన కూడా నిద్రపోలేదు పాపం.

రాజధాని అనేసరికి మిగతా కథ కూడా అతుక్కుంది. అప్పుడు ఊళ్ళో ఆఫీసులకు జాగా లేక గుడారాలు వేసినారు, ఎక్కడెక్కడి నుంచో ఆఫీసర్లు, గుమాస్తాలు కుటుంబాలతో దిగినారు. ఆ మూడేండ్లు స్టూడియోకు తీరిక ఉండేది కాదని మా నాయన చెప్పేవాడు. అంత ఖరీదు పెట్టి అమెరికా సరుకు కొనే ధైర్యం మా జేజినాయనకు అప్పుడే వచ్చింటుంది. రాజధాని పోయినాక అప్పు మిగిలింది అని మా జేజి అనేది, ఆ అప్పు ఏందో మాకు ఇప్పుడు అర్థమైంది.

ఇక కప్పు సంగతి. సార్‌కు మొదటి రోజు నుంచీ ఆ కప్పు మీద అనుమానమే, కంపెనీది కాదు, రంగు వేరే, అంచు వేరే అని. లెన్స్ పెట్టి చూస్తే అతుకు కనపడింది, చేత్తో అతికిన అతుకు. మా చిన్నాయన అప్పుడు నోరు విప్పినాడు. కప్పు యాడనో పోతే జేజినాయన బంగారుపేటలో కంసాలి దగ్గర చేపిచ్చుకున్నాడంట, వెండితో. ఇది ముందే చెప్పొచ్చు కదా చిన్నాయనా అంటే, "1893ది కాదంటారని చెప్పలా" అన్నాడు. కింద గాలి ట్యూబు తగిలే చోట మర కూడా లేతు మీద ఇక్కడే కోసింది. అమెరికా మరకు ఇక్కడి కనెక్షన్ పట్టక ఒక మధ్య ముక్క చేసి బిగిచ్చినారు, దాని మీద లేతు గీతలు ఇప్పటికీ గరుకుగా ఉన్నాయి.

సార్ ధర చెప్పినాడు. ఎంతో ఇక్కడ రాయను, కోట్లు కాదు, ఐదు నూర్లు కూడా కాదు. ఆయన దగ్గర కంపెనీ కప్పు ఒకటి విడిగా ఉందంట, అది బిగిస్తే వస్తువు అచ్చం కొన్ననాటి మాదిరి అవుతుంది, కాబట్టి మా వెండి కప్పు మేమే ఉంచుకోవచ్చు, దానికి ధర తగ్గించడు. న్యాయంగానే చెప్పినాడు. నేను ఆలోచిస్తా అన్నా. ఇంకా ఆలోచిస్తానే ఉన్నా, ఆయన కూడా తొందర పెట్టలా, వారానికోసారి కాగితాలు ఎట్లున్నాయి అని మాత్రం అడుగుతాడు.

ఈలోపు పెట్టెలో పెట్టడానికి ఒక అట్ట ముక్క మీద రాసినా. థేయర్ అండ్ చాండ్లర్, చికాగో. కాగితం అచ్చు 1943 తర్వాత. మద్రాసులో కొన్నది 1953 అక్టోబర్, 1956 నవంబర్ మధ్య. కప్పు, ట్యూబు మర కర్నూలు పని. ఒక పక్క 2009 బురద, ఇంకో పక్క నా చింతపండు. చిన్నాయన అద్దాలు పెట్టుకొని అంతా చదివి, పెన్ను అడిగి, అడుగున తన చేత్తో "కంపెనీ 1893లో కూడా ఉండేది" అని చేర్చినాడు. అది తప్పు కాదు కాబట్టి కొట్టేయలేదు.